ఉపవాస కూటం తర్వాత

జమ్మలమడుగులో శుక్రవారాలు నాకు అనుకూలంగా ఉండేవి.
ఉపవాస కూటం రోజు
కంచం ఎందుకు కడిగినట్టుందని ఎవరూ అడగరు.
చాప మీద, ముందు వరసలో మోకాళ్లూనితే
ఎముక నేలకు తగిలే చప్పుడు
నేనొక్కదాన్నే వినేదాన్ని.
"కెజియాకు ఎంత భక్తో" అనేవాళ్లు సంఘపు ఆడవాళ్లు.
ఆ మాట అన్నం కంటే రుచిగా ఉండేది.

శుక్రవారం పాకి పాకి శనివారాన్ని పట్టుకుంది.
చివరికి గోడ మీద క్యాలెండర్ నిండా శుక్రవారాలే.

సంస్కారపు బల్ల దగ్గర ఒక పని చేశాను.
అయ్యగారు అరచేతిలో పెట్టిన రొట్టె,
గోరంత ముక్క,
నాలుక కింద దాచి
బయట వేపచెట్టు మొదట్లో ఉమ్మేశాను.
చీమలొచ్చాయి.
ఆయన శరీరాన్ని అవి వరసగా మోసుకెళ్తుంటే
నిలబడి చూశాను. ఏడుపు రాలేదు.
లోపల అంత తడి మిగిలి లేదు.

ఎవరికీ చెప్పలేదు, మా జేజికి తప్ప.
దీవెనమ్మ. అక్షరం రాదు.
ముద్దనూరు చేలల్లో చెనిక్కాయ పెరికిన చేతులు.
కొంగు నోటికడ్డం పెట్టుకుని కొంచెంసేపు ఊరుకుని
"చీమలు గూడా ఆయన బిడ్డలే లేమ్మే" అనింది.
ఇంకాసేపటికి,
"నువ్వు జేసేది ఉపాసం గాదు.
కరువులో నేనుంటి ఉపాసం.
దేవుడేం అడగల్యా. వాన రాల్యా, అంతే."

కడపలో డాక్టరమ్మ నస్రీన్ దీనికొక పేరు చెప్పింది.
పేరుందంటే జబ్బే, పాపం కాదు.
ఇంటిదాకా బస్సులో ఆ మాటను
టికెట్టులా పిడికిట్లో పట్టుకున్నాను.
మందుల కాగితం మీద మూలన
నేను చిన్న సిలువ గీస్తుంటే చూసి నవ్వింది కూడా,
"అది కూడా వేసుకో, పూటకొకటి."

ఇప్పుడు పొద్దున ఎనిమిదికి
సంగటి ముద్ద నా ఎదుట కూర్చుంటుంది,
గండికోట గోడంత.
పక్కన ఊరిబిండి.
ఇంతకుముందు "ప్రభువా, నన్ను తగ్గించు" అనేదాన్ని.
ఎంత వినయంగా వినిపించేదో!
ఇప్పుడు "ప్రభువా, ఈ ముద్ద" అంటాను.
అంతకుమించి మాట రాదు.

చచ్చిపోయిందని అందరూ ఏడ్చే ఇంట్లో
పన్నెండేళ్ల పిల్లను చెయ్యి పట్టి లేపి
ఆయన సాక్ష్యం చెప్పమనలేదు, పాట పాడమనలేదు.
పిల్లకు తినేదానికేమన్నా పెట్టండి, అన్నాడు.
ఎన్ని ఆదివారాలు విన్నానో ఆ సంగతి.
సరిగ్గా ఆ చోటే కునుకు పట్టేదేమో నాకు.

నిన్న మూడు ముద్దలు.
ఈరోజు ఒకటిన్నర. ఆ సగం కోసం జేజితో పోట్లాట.
అద్దం మీద దుప్పటి ఇంకా తీయలేదు.
శుక్రవారం కూటానికి తినే వెళ్తాను,
వెనక వరసలో, గోడకానుకుని.
ముందున్న ఆడవాళ్లు తిరిగి చూస్తే
కళ్లు మూసుకుంటాను, ప్రార్థనలో ఉన్నట్టు.
చేతులు మొహం దగ్గరికి వస్తాయి.
వేళ్లకు ఇంకా సంగటి వాసన.