ఆలస్యంగా వచ్చే ఎండ

నా పని తొక్కడం.
హద్రమౌత్ లోయలో వరద వదిలిపోయిన ఒండ్రుమట్టి,
గోధుమ పొట్టు, బావినీళ్లు.
మోకాలి దాకా దిగి తొక్కడం.
ఆ పైన ఓ రాత్రంతా దాన్ని ముట్టుకోకూడదు.
"పులవనీ" అనేవాడు కరామా మేస్త్రి,
రొట్టెల పిండి గురించి ఆడవాళ్లు అన్నట్టే.

నాకప్పుడు పదమూడేళ్లు.
మేస్త్రికి కొలబద్ద ఉండేది కాదు.
మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఇటుక పొడవు.
నేలమట్టాన గోడ రెండు మూరలు,
పైకి పోయేకొద్దీ సన్నబడి
ఆరో అంతస్తులో ఒక్క ఇటుక.
"మీ నాన్న కూర్చునే తీరు చూశావా,
కింద బరువు, పైన తేలిక.
అలా కట్టాలి" అని నవ్వేవాడు.

జెడ్డా నుంచి డబ్బు తెచ్చుకున్నాడు సబ్తీ.
పడమటి గోడకి అద్దాల కిటికీ కావాలన్నాడు,
నిలువెత్తుది, అక్కడి హోటళ్లలో లాంటిది.
మేస్త్రి కాదనలేదు.
కిటికీ రావలసిన చోట గోనెపట్టా పరిచాడు.
"రేపు జుహర్ నుంచి అసర్ దాకా ఇక్కడ కూర్చో.
టీ నేను పంపిస్తా."
మొదటి గ్లాసు తాగాడు.
రెండోది నేను తీసుకెళ్లేసరికి
పట్టా ఉంది, సబ్తీ లేడు.
తూర్పు సందులో మా ఇటుకల దొంతి నీడన
చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు.

కిటికీ వచ్చింది.
జానెడు వెడల్పు, రేగుచెక్క జాలీ,
నేలకి బెత్తెడెత్తున.
"మరీ అంత కిందా?"
"ఇంట్లో నిలబడి ఏం చేస్తావయ్యా?
మనిషి కూర్చుంటాడు.
గాలి కూర్చున్నవాడి దగ్గరికే రావాలి."

ఆ సాయంత్రం నా అరచేయి పట్టుకుని
గోడకి బయట ఆనించాడు. చుర్రుమంది.
లోపలికి తీసుకెళ్లి
అదే గోడకి ఇవతల ఆనించాడు.
నీళ్లకుండ పొట్టలా ఉంది.
"మధ్యాహ్నం ఎండ ఇందులోకి అడుగుపెట్టింది.
నడుస్తోంది. ముసలిది, మట్టిలో నడక కష్టం.
అర్ధరాత్రి దాటాక చేరుతుంది ఈ గదికి.
అప్పటికి..."
అని వేలు పైకి చూపించాడు.

అప్పటికి అందరూ డాబా మీద,
చుక్కల కింద, ఒకే దుప్పటి లాక్కుంటూ.
ఎండ వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటుంది,
ఎవరూ పలకరించని చుట్టంలా.
తెల్లారేలోపు ఆ జానెడు కిటికీలోంచి వెళ్లిపోతుంది.

జనవరిలో మాత్రం ఆ గదిలోనే పడుకుంటారు,
ఆ చుట్టం కోసమే.

మట్టిని పొగడాలని కాదు ఇదంతా.
మట్టి మాట తప్పుతుంది.
ఒక అక్టోబరులో మూడు రోజులు తెరిపి లేని వాన.
ఫత్తూమ్ మేకపిల్ల పోయింది, రెండు పరుపులు పోయాయి,
మేస్త్రి సొంతింటి ఉత్తరపు మూల
మోకాళ్ల మీద కూలబడింది.
డాబాకి ఏడాదికోసారి సున్నం కావాలి.
ఊరందరి డాబాలకీ వేస్తూ తిరిగి
తనది వదిలేశాడు ఆ ఏడు.

కూలిన మూల ముందు చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత కాలితో ఓ గడ్డ తిరగేశాడు.
"రాళ్లు లేవు. మంచి మట్టి.
తొక్కు."

ఇప్పుడు అచ్చు నా దగ్గరుంది,
మేస్త్రి మోచేతి కొలతకి కోసిన రేగుచెక్క అచ్చు.
నా మోచేయి రెండు వేళ్లు పొడుగు.
కొత్తది కోయించుకోరాదా అంటారు.
పాతగోడలో కొత్త ఇటుక ఇమడాలి కదా అంటాను.
అది నిజమే.
అదొక్కటే కాదు.

సబ్తీ కొడుకు ఏసీ పెట్టించాడు.
కరెంటు ఉన్నప్పుడు అది మాట్లాడుతుంది.
లేనప్పుడు అందరూ జరిగి జరిగి
జానెడు కిటికీ దగ్గర చేరతారు,
ఒకళ్ల భుజం మీద ఒకళ్లు.

మొన్న నాకు జ్వరం.
డాబా ఎక్కలేక కింది గదిలో పడుకున్నాను.
మూడో ఝాములో వచ్చింది.
వీపు వెనక గోడలోంచి, మెల్లగా,
చెప్పులు చేతిలో పట్టుకుని నడిచే మనిషిలా.
ఇంత ఆలస్యమా, అన్నాను.

రెండు మూరలు, అంది.