డెబ్బై అయిదు

సజాల మా షెడ్డు.
గేట్లు, నిచ్చెన్లు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు.
ఎండల చక్రాల కుర్చీ తోసుకుంట మౌజా వచ్చింది,
ఒళ్లో మూడు కిలోల ఇనుప గుండు,
నిద్రపోయే పిల్లను పట్టుకున్నట్టు.

"విసిరేందుకు కుర్చీ కావాలె," హిందీల చెప్పింది.
"నేను కదుల్త. అది కదలొద్దు."

ఎత్తు డెబ్బై అయిదు సెంటీమీటర్లు, అంతకు మించొద్దు.
మెత్త కూడ లెక్కలకే వస్తదట, నేను మరిచిన.
టేపు పెడితే డెబ్బై ఏడు.
నాలుగు కాళ్లు కొయ్యాలె.
గ్రైండరు పట్టుకొని ఆమె దిక్కు చూసిన,
చెయ్యి ఆడలే.
"కొయ్యి ఓదెలూ," అన్నది,
"కాళ్లదేమున్నది?"
షెడ్డంత నవ్వింది. నేను ఆఖర్న నవ్విన.

ఎడమచేతి కడ్డీకి దళసరి పైపే వేసిన.
అది వంగి ఎగదన్నితే
ఆ బలం ఆమెది కాదంటరు.

శుక్రవారం పొద్దుగూకినంక మైదానం.
లారీ లోడుకు కట్టే బెల్టులే,
నాలుగు మూలల బిగించి కుర్చీని భూమికి కట్టిన్రు.
తొడల మీద ఇంకో రెండు.
ఒక్కసారి కూచొని చూడమంది నన్ను.
కూచున్న, కట్టిన్రు, విసిరిన.
బస్తాలు మోసిన భుజమే,
గుండు నా ముందల్నే పడ్డది.
ఇన్నొద్దులు మోసింది భుజమా, పాదమా?

తర్వాత ఆమె.
ఎడమచెయ్యి కడ్డీని గుంజింది,
నడుము తిరిగింది,
గొంతులకెళ్లి ఒక కేక.
అందరు గుండు దిక్కు చూసిన్రు.
నేను జాయింటు దిక్కు.
కిర్రుమనలే.

"ఎంత పడ్డది?" అనడిగిన.
చెమట తుడుసుకుంట అన్నది:
"నీ కడ్డీనడుగు."