తూకంల రానియి

కాశిబుగ్గల నాది బోర్డులు రాసే దుకాణం.
ఫ్లెక్సులొచ్చినంక బ్రష్షులు తడిసేది తక్కువ, ఎండేది ఎక్కువ.
పెత్రమాస ముందటి బుధారం
ఓదెమ్మ వచ్చి కొంగు మూట ఇప్పింది:
అత్త కాళ్ల కడియాలు.
"పొద్దుమీకి గిర్మాజిపేటల కరుగుతయి.
అంతల బొమ్మ గియ్యి."

ఫోటువ తీసుకోరాదు, అన్న.
"ఫోన్ల ఉన్నది. ఫోను గూడ కుదువ వడ్తది ఒకనాడు."

స్టూలు మీద నల్లగుడ్డ పరిచిన.
ఒక కడియం పండవెట్టి, ఇంకోటి దాని మీద ఒరగవెట్టిన.
ఇత్తడి చెంబుల ఇంత గునుగు, రెండు తంగేడు కొమ్మలు;
బతుకమ్మకని ఇంటామె తెప్పిచ్చుకున్నయే,
అడగకుంట తీసిన.

లోయర్ పరీక్షప్పుడు మా డ్రాయింగు సారు చెప్పేది,
దూరదేశపోళ్లు బల్ల మీద పువ్వు పెడితే అది పువ్వు కాదురా అని.
వాడిన రేక చావట, ముత్యం మురిపెమట,
పండు మీద ఈగ వాలితే
అది బొమ్మ కొన్నోనికి హెచ్చరికట.
నేను తలూపి
అరటిపండుకు నీడ వేసి పాసైన.

గదే చెప్పిన ఓదెమ్మకు, తెల్లరంగు కలుపుకుంట.
"తంగేడంటె మా నాయిన చేతుల వాసన," అన్నది.
"దాని పట్టతోటే తోళ్లు పదును వెట్టేటోడు."
మరి గునుగు?
"చేన్ల కలుపు. కూలికి పీకినం.
తొమ్మిదొద్దులు దేవత, పదోనాడు మల్ల కలుపే."
వెండి?
జర సేపు పలుకలేదు.
"బరువు. ముసల్ది యాడ తిరుగుతాందో
ఇల్లంత ఎరుకయ్యేది."

ఎడమ కడియానికి లోపటి దిక్కు సొట్ట.
అక్షరాలు దిద్దిన చెయ్యి కదా,
సాపు చేసుకుంట పోతున్న.
పచ్చి రంగు మీదనే ఏలు వెట్టింది:
"గిది ఏది?
కంకర కొడుతుంటె సుత్తె జారింది.
కాలు బతికింది, ఇది వంగింది.
సేటు తూకంల సొట్ట రాదు,
నువ్వన్న ఎక్కియ్యి."

ఫ్యాను గాలికి తంగేడు రాలుతాంది.
బందు చెయ్యబోతే వద్దన్నది.
రాలిన రేకలు ఏడవడ్డయో ఆడనే గీసిన,
ఒకటి కడియం నడుమ.

అయిదింటికి మూట కట్టుకోని పోయింది.
బొమ్మ ఆరలేదు, తర్వాత వస్తనన్నది.
మూడు బతుకమ్మలైనయి.
వెండి మీద ఆమె ఏలు ముద్ర అట్లనే ఉన్నది,
దిద్దలేదు.

ఆనాడు రాత్రి ఇంటామె పూలు చూసి
తంగేడు తక్కువైందేంది, అన్నది.
బొమ్మల ఉన్నది, అన్న.
"బొమ్మలది పేరుస్తనా?" అని
చెంబు తోమనీకి తీస్కపోయింది.