చెలమ

మాత్రలు అయిపోయినాయి.
పదినాళ్ళు, మూడు పూటలా.
పొక్కులు రాలి, కింద చర్మం
పాలిషైన నాపరాయి మాదిరి నున్నగుంది.

అనంతపురం పెద్దాసుపత్రిలో
ఆ గది బోర్డు మీద అక్షరాలు ఎవరో గీకేసినారు.
అయినా అందరికీ తెలుసు.
నేను తామరకు మందు కోసం వచ్చినోని మాదిరి
ప్రతిసారీ మోచెయ్యి గోక్కుంటా కూర్చుంటాను.

‘నయమైపోయిందా మేడమ్?’
డాక్టరమ్మ రాసేది ఆపలేదు.
‘పుండు మానింది కుళ్ళాయప్పా, హెర్పీస్ పోలేదు.
నడుం కింద, నరం మొదట్లో పండుకోనుంది.
పుండు లేని రోజు కూడా
ఒక్కోసారి చర్మం మీదికొచ్చి పోతుంది.
నీకే తెలీకుండా అంటిస్తావు.’
రోజూ మాత్ర మింగితే? కండోమ్ వాడితే?
‘తగ్గుతుంది. సున్నా కాదు.’

తాడిపత్రిలో బస్సు దిగి ఇంటికి పోలేదు.
పెన్న ఒడ్డుకు పోయినా.
ఇసక, ఇసకలో మేకల అడుగులు, ఒక తెగిన చెప్పు.
ఏరు ఎండిందని ఎవరన్నా అంటే
మా జేజి నవ్వేది.
ఇక్కడే మోచేతి లోతు తవ్వేది,
చెయ్యి బయటికి తీసేలోగా
గుంత అడుగున తడి, తడిలో ఆకాశం.
అప్పుడు అది సంతోషం.

పెండ్లికి పద్దెనిమిది రోజులుంది.
మంచం కొనేసినా, ఇంకా ఆరొందలు బాకీ.
చెప్పకుంటే ఏమవుతుంది?
కనపడేదానికి పైన ఏముంది?
ఇట్లనుకుంటా చానాసేపు కూర్చున్నా.
మేకలోడు రెండుసార్లు చూసిపోయినాడు.

పొద్దుగూకినాక మిషన్లు ఆపినారు.
సుంకులమ్మ పాదాల మీద ఆరిన రాతిబురద
గోటితో గీకుతా వినింది.
యాడ అంటుకుందని అడిగింది.
చెప్పినా.
ఆ పేరు విని గీకేది ఆపింది, మళ్ళా గీకింది.
‘నాకు బిడ్డలు పుడితే?’
‘కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పల్లంట.
చెప్తే జాగ్రత్త పడతారంట.’
‘నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?’
నాకు జవాబు రాలేదు.

కొళాయి కింద కాళ్ళు కడుక్కుంది.
బురద నీళ్ళు నా చెప్పుల కిందికి వచ్చినాయి.
‘రోజూ మాత్రంటే నెలకెంత?’
‘తెలీదు.’
‘మందులషాపులో అడిగి రా.’

నేను తలెత్తేసరికి వేలు చూపించి
‘ఒప్పుకున్నానని అనుకోవాకు,
రేటు అడిగి రమ్మంటి, అంతే’ అనింది.

షాపు మూసే పొద్దయింది.
ఎప్పుడో మానిన చోట ఏదో మండినట్టుంటే
పరిగెత్తినా.