ఐదో నంబరు మిషను

కోసిగి హైస్కూల్లో ఏడు కంప్యూటర్లు.
ఏడింటికీ ఏడు మతులు.
ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు.
ఎవరు దేని ముందు కూచుంటే
వాళ్ల లెక్కలు దాని కడుపులోనే ఉండిపోయేవి.

హుసేనమ్మ ఐదో మిషను పిల్ల.
భిన్నాల్లో పద్నాలుగో పాఠం దాకా వచ్చింది,
పదమూడులో నాలుగుసార్లు తప్పి.
డిసెంబరు దాటగానే అమ్మానాయనతో
సుగ్గికి పోయింది,
గుంటూరు దిక్కు, మిరపకాయ కోతకు.

మార్చిలో వచ్చేసరికి ఐదోది చచ్చిపోయింది.
రెండోదాని ముందు కూచోబెట్టాను.
కారం మంట ఇంకా దిగని వేళ్లను
ఊదుకుంటూ మీటలు నొక్కింది.
"స్వాగతం! నీ పేరేమిటి?" అంది తెర.
సగం అంటే ఏమిటో చెప్పడానికి
ఒక రొట్టెను తుంచి చూపించింది.

"ఇదంతా నేను చేసినాను గదా సార్.
దీనికి గ్యాపకం లేదా?"

ఆ ఎండాకాలం సెలవుల్లో
స్టోరు రూములో, మధ్యాహ్న భోజనం బియ్యం మూటల మీద
ఒక పాత డబ్బాను ఎక్కించాను.
కిటికీ చువ్వల సందులోంచి నీలం తీగ లాగాను.
ఇక ఎక్కడ కూచున్నా
మీ పాఠం మీ దగ్గరికే వస్తుందంటే
"సంకమ్మవ్వ మాదిరా సార్?" అన్నాడు ఉరుకుందు.

సంకమ్మవ్వ వాళ్ల వీధి మనిషి.
సుగ్గికి పోయే ఇండ్లన్నీ
తాళంచెవులు ఆమెకే ఇచ్చి పోతాయి.
నలభై చెవులు ఒకే దారానికి గుచ్చి
నడుముకు కట్టుకుని తిరుగుతుంది.

అట్లాంటిదే అన్నాను.
అన్నాక భయం పట్టుకుంది.
దారం తెగితే?

అప్పట్నుంచి ప్రతి శనివారం
అంతా ఒక పెన్ డ్రైవులోకి ఎత్తుకుని
చొక్కా జేబులో వేసుకుని ఆదోని రైలెక్కుతాను.
రెండువందల పదకొండు మంది తప్పులు, ఒప్పులు
నా గుండెకు ఆనుకుని కూచుంటాయి.
రైల్లో కునుకు తీయడం మానేశాను.

హుసేనమ్మే ఒకరోజు అడిగింది.
"తప్పులు గూడా దాచిపెట్నావా సార్?"
"ఊఁ."
"ఎవురికి చూపిస్తావు?"

ముందు వారమే పైనుంచి ఫోను వచ్చింది,
వెనకబడ్డ పిల్లల జాబితా పంపమని, పేర్లతో సహా.
పంపేశాను.
ఆమె పేరు మూడోది.
ఆ మాట చెప్పలేక
సుద్దముక్క వెతుక్కున్నాను.

ఇప్పుడు మళ్లీ ఫిబ్రవరి.
బెంచీలు సగం ఖాళీ.
పొద్దున తెర తెరిస్తే ఒక ప్రశ్న:
"నలభై రోజులుగా రాని ఖాతాలు ఇరవైమూడు. తొలగించాలా?"
ఒక్కో పేరూ చదివాను.
అన్నీ సుగ్గి పేర్లే.

ఏ చెవి ఎవరిదో ఎట్లా తెలుస్తుందని
సంకమ్మవ్వను అడిగానోసారి.
కొంగు జరిపి చూపించింది.
ప్రతి చెవికీ ఆ ఇంటి పాతచీర పేలిక కట్టి ఉంది.
"అడిగినోళ్లకంతా ఇచ్చేది లేదు నాయనా,
పేలిక గుర్తుపట్టినోళ్లకే."

'వద్దు' నొక్కాను.
నిజంగానా అని మళ్లీ అడిగింది.
మళ్లీ నొక్కాను.

పక్కగదిలో బియ్యం మూటల మీద
డబ్బా గుయ్యిమంటోంది.
హుసేనమ్మ, పందొమ్మిదో పాఠం,
మూడో ప్రశ్న దగ్గర.