పన్నెండు దినార్ల ఫోను

అబూ ఫహద్ పన్నెండు దినార్లు లెక్కపెట్టి
కీబోర్డు మీద పెట్టాడు.
"చూడ్డానికి బాగుండేది తే,
మిగిలితే చాయ్ తాగు" అన్నాడు.
పాత ఫోనుకి నోటినిండా దుమ్ము.
మూడు నొక్కితే మూడుసార్లు పడుతుంది.

ఫర్వానియాలో మధ్యాహ్నం
నీడ కూడా గోడకి వీపు ఆనించి నిలబడింది.
కుంజాలి కొట్లో చల్లదనం, అట్టపెట్టెల వాసన,
అద్దాల బీరువాలో పదకొండు ఫోన్లు.
పెళ్లిసంబంధం చెప్పినట్టు చెబుతున్నాడు:
ఇది తీగ లేనిది, మిద్దెమీదికి పట్టుకుపోవచ్చు,
ఇది పిలిచినవాళ్ల నంబరు నీలంగా చూపిస్తుంది,
ఇది మనం లేనప్పుడు మాటలు దాచిపెడుతుంది.

తీగ లేనిదాన్ని ముందే పక్కన పెట్టాను.
మా టైపింగ్ సెంటరు ఎనిమిదడుగులు,
అందులో ఎక్కడికి పట్టుకుపోను?

రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించి
రెండు చేతులా గాల్లో టైపు కొట్టాను.
సన్నటివన్నీ జారిపోయాయి.
కుంజాలి నవ్వాడు. నవ్వనీ.
అకామా ఫారాలు కొట్టీ కొట్టీ
తొమ్మిదేళ్లుగా నా మెడ ఒక పక్కకి వాలింది.
ఆ వంపుకి సరిపోవాలి,
చెప్పుల కొట్లో పాదం అడిగినట్టు.

నంబరు చూపించేది మంచిదే.
కానీ శనివారాలు ఓబుళమ్మ చేస్తుంది,
రాయచోటి పక్క మనిషి,
జాబ్రియాలో ఏదో పెద్దింటి వంటగదిలోంచి.
ఆమె సెల్లు మేడమ్ బీరువాలో ఉందట.
ఇంటి ఫోనెత్తి, కుళాయి తిప్పి,
నీళ్ల చప్పుడు చాటున మాట్లాడుతుంది:
"అన్నా, నా అకామా యెప్పటిదాకా ఉండాదో
రవంత చూసి చెప్పు."
నంబరు ఎంత నీలంగా మెరిసినా
తిరిగి చెయ్యలేను.
ఎత్తేది ఎవరో.

పోయిన నెల ఏదో అంది,
పాత ఫోను సగం మింగేసింది.
జీతమన్నదో, జొరమన్నదో.
ఇంకోసారి చెప్పమనేసరికి
కుళాయి కట్టేసిన చప్పుడు.

అందుకని కుంజాలిని అడిగాను:
వీటిలో గుసగుస వినేది ఏది?

వాడి బేరం అక్కడ ఆగింది.
అడుగు అరలోంచి బూడిదరంగుది తీశాడు.
లడ్డూలంత బటన్లు, ఇటుకంత రిసీవరు,
పక్కన గొంతు పెంచే చిన్న చక్రం.
"చెవుడొచ్చిన ముసలాళ్లది. ఆఫీసుకి బాగోదు."

వాడి లైనుకి తగిలించి చూడమన్నాడు.
ఎవరికి చెయ్యను?
తాళం వేసొచ్చిన మా ఆఫీసుకే చేశాను.
లోపలినుంచి విన్నప్పుడు అది
జలుబు చేసిన కీచురాయి.
ఇటునుంచి వింటే, ఎవరో
తలుపు బయట నిలబడ్డట్టుంది.
ఫారంలో వరస పూర్తిచేసి
నేనెత్తేది ఆరో రింగుకి.
ఆరు రింగులు ఇంత పొడుగని తెలీదు.
ఈలోపు గిన్నె నిండి పొర్లిపోతుంది.

అప్పుడు కుంజాలి, నేనేమీ అడక్కుండానే,
సెల్లు తీసుకుని ఫ్రిజ్ పెట్టెల వెనక్కి వెళ్లాడు.
బూడిదరంగుది మోగింది.
చక్రం చివరిదాకా తిప్పాను.
మలయాళం నాకు రాదు.
ఏదో పేరు, రెండుసార్లు.
తర్వాత గుటక మింగడం కూడా వినబడింది.
బయటికొచ్చి, బిల్లు పుస్తకం వెతుక్కుంటూ,
"పదకొండున్నర" అన్నాడు.

అబూ ఫహద్ దాన్ని చూసి
ఇది ఫోనా, ఇస్త్రీపెట్టా అన్నాడు.
మిగిలిన అర దినారుతో ఇద్దరం చాయ్ తాగాం.

మొదటి శనివారం ఆమె చెయ్యలేదు.
రెండోదీ పోయింది.
మూడో శనివారం మొదటి రింగుకే ఎత్తాను.
ముందు నీళ్లు,
స్టీలు తొట్టిలో పడుతున్నాయని కూడా తెలుస్తోంది.
పోయిన నెల ఏమన్నావమ్మా అని అడిగాను.
"యేమంటినో" అంది. తనకీ గుర్తులేదు.
అకామా తారీఖు చదివి వినిపించాను, ఒక్కో అంకె,
ఇన్నాళ్లూ చెప్పినట్టే, గట్టిగా.

"మెల్లగన్నా," అంది ఓబుళమ్మ,
"నువ్వు మెల్లగా మాట్లాడు.
ఈడ యింటారు."