తూటా గది

ఒకసారి తొలిచాక ఇనుము మళ్ళీ మొలవదు,
అన్నాడు ఆర్విడ్, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి.

మోంటానాలో మార్చి. కొట్టు ముందు మంచు బురదవుతోంది.
బల్లమీద తాత తుపాకి.
ఒక్క తూటా పడుతుంది, తప్పితే జింక ఆగదు.
ఆ తూటాలు పోసే కంపెనీ మూతబడి యాభై ఏళ్ళు.
సిగ్నే జేబులో మిగిలినవి ఏడు ఇత్తడి తొడుగులు,
మూతులు చిట్లి.

"గది పెంచితే బజారు తూటా దిగుతుంది.
ఇక మీ తాతది మాత్రం కాదు."

ఆమె ఏమీ అనలేదు.
గోడకు తగిలిస్తే మాంసం రాలదు కదా.

అతను గొట్టంలోకి దీపం పట్టి
చాలాసేపు చూశాడు.
"దీన్ని ముందే ఎవరో తొలిచారు," అన్నాడు,
"చేత్తో. కాస్త వంకరగా."

సిగ్నేకి నవ్వొచ్చింది.
హాల్వర్ తాత మేకు కొట్టినా వంకరే.